కప్ప గొడుగు

“కప్పకి వేళ్లు ఎక్కువైపోయినాయమ్మా.”

సౌభాగ్య గోడ మీద కుంచె ఆపి వెనక్కి చూసింది. మావగారు తిరుమలరావు చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఎక్కడ మావయ్యగారూ?”

“ముందు కాళ్లకి. కప్పకి ముందు నాలుగే ఉంటాయి. వెనకైతే అయిదు.”

“పుస్తకంలో ముందు కూడా అయిదే ఉన్నాయండి.”

“ఉంటే ఉండనీ. నాలుగే కరెక్టు.”

మాట అనేసి ఆయన పెరట్లోకి వెళ్లిపోయాడు. సౌభాగ్య కాసేపు కప్పనే చూసింది. తర్వాత తడిగుడ్డ తెచ్చి ఒక్కో కాలికీ ఒక్కో వేలు తుడిచేసింది.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో అది రెండు గదుల క్వార్టరు. వెనక వరండా మూయించి, పాప మైత్రి కోసం చిన్న గదిలా చేయించాడు భర్త వేణుగోపాల్. పుట్టిల్లు పార్వతీపురంలో పురుడు పోసుకుని తిరిగొచ్చేటప్పుడు సౌభాగ్య ఓ పాత బొమ్మల పుస్తకం వెంట తెచ్చుకుంది. దానికి అట్ట లేదు, మొదటి రెండు పేజీలూ లేవు. వానలో గొడుగు దొరికిన కప్ప కథ అది. చిన్నప్పుడు వాళ్లమ్మ చదువుకున్న పుస్తకం. తర్వాత సౌభాగ్య అక్షరాలు కూడబలుక్కున్నదీ అందులోనే.

ఈ కాలనీలో మనవాళ్ల పిల్లలు హిందీలోనే ఆడుకుంటారు, హిందీలోనే తిట్టుకుంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన వేణుగోపాల్ తెలుగు ఉత్తరం వస్తే భార్య చేత చదివించుకుంటాడు. పాప కళ్లు తెరవగానే ఆ కప్ప, దాని కింద తెలుగు అక్షరాలు కనబడాలని సౌభాగ్య పట్టుదల. పెద్దవాళ్ల దగ్గర ఈ మాట అనలేక, గోడ బోసిగా ఉందని మాత్రం చెప్పింది.

“పసిగుడ్డుకి వేరే గదేటే? తల్లి పక్కన తొంగుంటాది గానీ,” అంది అత్తగారు అచ్చియమ్మ.

“కర్‌నే దో అమ్మా, చేసుకోనీ,” అన్నాడు వేణుగోపాల్.

అడ్డు చెప్పనిది మావగారొక్కడే. మొదటిరోజు పెన్సిలుతో గీసిన కప్పను చూసి, “ఇదెక్కడిది?” అని అడిగాడు. అమ్మ పుస్తకంలోదని చెబితే, చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. నచ్చిందనుకుని సౌభాగ్య సంబరపడింది.

ఆ సంబరం మర్నాడే వేళ్ల లెక్కతో పోయింది. మూడోరోజు కొంగ మెడ లావైందన్నాడు. దిద్దింది. నాలుగోరోజు నత్తగుల్ల మీద చుట్టు తిరగబడిందన్నాడు. పుస్తకంలో అలాగే ఉందని చెప్పినా వినలేదు. గుల్లంతా చెరిపి మళ్లీ వేసేసరికి పాప లేచి ఏడుపు అందుకుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

“నా గోడ కూడా మీ నాన్నగారు పాస్ చెయ్యాలా?” అని రాత్రి అన్నాల దగ్గర భర్తని నిలదీసింది.

“నాన్నంతే. ముప్ఫయ్యేళ్లు బోగీల కింద దూరి తప్పులు వెతకడమే కదా డ్యూటీ. సుత్తితో చక్రాన్ని ఒక్కటిచ్చి, మోత విని పగులుందో లేదో చెప్పేవారు. నువ్వు విని వదిలేయ్, బస్.”

“వదిలేస్తే మళ్లీ మర్నాడొచ్చి అదే చెబుతారండీ.”

అచ్చియమ్మ మజ్జిగ పోస్తూ నిట్టూర్చింది. “నేను ముగ్గేసినా చుక్క పక్కకెళ్లిందంటారు. కాపరానికొచ్చి ముప్ఫై నాలుగేళ్లయింది. తానొక గీత గీయగా నేను చూళ్లేదు.”

అయిదోరోజు ఆదివారం. మర్నాడే పాపకి అన్నప్రాసన. రతన్‌పూర్ నుంచి ఆడపడుచు వాళ్లొస్తున్నారు. సౌభాగ్య పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి గొడుగుకి నీలంరంగు నింపింది. కింద అక్షరాలు కూడా రాసేసి, నడుం పట్టుకుని వెనక్కి జరిగి చూసుకుంది. బొమ్మ బాగుంది. ఇన్నాళ్లకి నవ్వొచ్చింది.

“గొడుగు నీలం వేసేవేటమ్మా? అది ఎర్రది కదా.”

ఆమె వెనక్కి తిరగలేదు. కుంచెని డబ్బాలో పెట్టి, లోపలికెళ్లి పుస్తకం తెచ్చి, ఆ పేజీ తీసి ఆయన ముందు పట్టుకుంది.

“చూడండి మావయ్యగారూ. నీలం. వేళ్లు తగ్గించమన్నారు, తగ్గించాను. మెడ సన్నం చేశాను. గుల్ల తిప్పాను. అన్నీ పుస్తకంలో లేనివే, అయినా మీ మాట కాదనలేదు. కానీ మా అమ్మ చూసింది నీలం గొడుగు. నేను చూసిందీ నీలమే. నా కూతురికీ అదే ఉంటుంది. అసలిది ఎర్రదని మీకెవరు చెప్పారు?”

పాపని చంకనేసుకుని వచ్చిన అచ్చియమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ ఇంట్లో ఆయనకి ఎవరూ అలా ఎదురు చెప్పలేదు.

తిరుమలరావు పుస్తకం అందుకున్నాడు. తెచ్చినప్పట్నుంచీ దాన్ని ఆయన ముట్టుకోవడం అదే మొదలు. కళ్లజోడు పైకి జరిపి, చిరిగిన అంచుల్ని సర్ది, కప్పని బొటనవేలుతో మెల్లగా నిమిరాడు.

“అచ్చేసిన వారం ఎర్ర సిరా అయిపోయిందమ్మా. ఆగలేక ప్రెస్సువాళ్లు నీలం కొట్టేసేరు.”

“ఎప్పుడో మా అమ్మ చిన్నప్పటి సంగతి. మీకెలా తెలుసు?”

ఆయన పుస్తకం మూసి కోడలి చేతికిచ్చాడు.

“నేను గీసిచ్చింది ఎర్రదేనమ్మా.”