రాజుగారి గుండెదడ

అందరి మణికట్టులోనూ చర్మం కింద గుండె వేగాన్ని కనిపెట్టే బిళ్ళ అమర్చిన కాలం అది. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటే చాలు, ఎవరూ పిలవకుండానే అంబులెన్సు ఎగురుకుంటూ వచ్చి వాలేది.

అనకాపల్లిలో యాభై ఎనిమిదేళ్ల నూకరత్నం మొదటిసారి నాటకంలో రాజు వేషం కట్టింది. మీసం అతికించుకుని, కిరీటం పెట్టుకుని తెర పక్కన నిలబడేసరికి గుండె దడదడలాడింది. బిళ్ళ కీచుమంది. ఆ మోత విని దడ రెట్టింపయింది. తెర లేచేలోపే అంబులెన్సు నర్సు సులోచన పరుగున వచ్చింది.

“నాను సచ్చిపోతానేటమ్మా?” అంది నూకరత్నం.

సులోచన పరీక్షించి నవ్వింది. “మీ గుండె ఉక్కుముక్కలా ఉందమ్మా. ఇది ఉత్త భయం. దడ వచ్చిందని ఇంకా భయపడుతున్నారు, అందుకే అది తగ్గట్లేదు.”

“మరేటి సెయ్యాలి?”

“బిళ్ళ మోత నేను ఆపేస్తాను. ఊపిరి నెమ్మదిగా వదలండి. గుండెను దాని మానాన కొట్టుకోనిచ్చి, మీరు పద్యం ఎత్తుకోండి.”

మొదటి పాదంలో గొంతు వణికింది. రెండో పాదానికి నిలబడింది. చివరి పాదంలో రాగం తీస్తుంటే జనం ఈలలు వేసి “వన్స్ మోర్” అని అరిచారు. ఆమె మళ్లీ పాడింది. దడ ఎప్పుడు తగ్గిందో ఆమెకే తెలియదు.

నాటకం అయ్యేదాకా కూర్చుండిపోయిన సులోచన మొహమాటంగా దగ్గరికొచ్చింది. “వచ్చిన బండి ఖాళీగా వెళ్లకూడదమ్మా. రూలు.”

“అయితే పద. ఆసుపత్రిలో ఉన్నోల్లకి కూడా ఓ పద్యం ఇనిపించీసొద్దాం,” అంటూ నూకరత్నం వేషం తీయకుండానే బండెక్కింది.