కీర దోసకాయ ముక్కలు

మధ్యాహ్నం పన్నెండూ పదికి పాప స్కాన్ రిపోర్టు వచ్చింది: మెదడులో ఏడు తిత్తులు, ప్రతి దాంట్లో ఒక బద్దెపురుగు పిల్ల. మూర్ఛలు వాటివల్లే.

"నా బిడ్డ మాంసం వాసనే పడదంటుంది డాక్టరుగారూ! ఉడకని పంది మాంసం తింటేనే కదా ఈ రోగం?" అంది తల్లి. ఆమె బడిలో పెద్ద వంటమనిషి.

"అలా తిన్నవాళ్ల పేగులో పురుగు పెరుగుతుందమ్మా. దాని గుడ్లు మలంలో వస్తాయి. చెయ్యి సరిగ్గా కడుక్కోకపోతే పక్కవాళ్ల నోట్లోకి పోతాయి. మెదడుకెక్కేది ఆ గుడ్లు మింగినవాళ్లకే."

"ఏ పాపిష్టి చెయ్యో! నేను కలిపి పెడితే తప్ప ముద్ద దిగదే దానికి!"

డాక్టరు రెండో కాగితం ఆమె వైపు జరిపాడు. అది నిన్న ఇంట్లోవాళ్లందరికీ చేసిన మలపరీక్షల్లో ఆమెది. గుడ్లు ఉన్నాయి.

ఆమె ఏడవలేదు. గోడ గడియారం చూసి బడిలో తనతో వండే ఆమెకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది.

"ఎత్తరు," అంది. "ఫోన్లు మురికని, వంటగదిలోకి తేవద్దని నేనే చెప్పాను."

పొద్దున ఆమె తరిగి, చేత్తో ఉప్పు కలిపి వచ్చిన కీర దోసకాయ ముక్కలు నూట నలభై మంది పిల్లలకు. భోజనం గంట పన్నెండున్నరకు.