రెండో తాళంచెవి

ఆ దర్గా కిటికీ ఊచలకు తాళంకప్ప వేసి, చెవిని పక్కనున్న బావిలో పడేస్తే, మొక్కు తీరే వేళకు తాళం తనంతట తానే తెరుచుకుంటుందని జనం నమ్మకం. తెరుచుకునేదాకా ఆ మొక్కేమిటో ఎవరికీ చెప్పకూడదని షరతు.

"తాళం తెరుచుకున్నాకే ఆపరేషన్," అంది మాష్టారి భార్య, మంచం మీద అటు తిరిగి పడుకుంటూ.

"పిత్తాశయంలో రాళ్ళున్నాయే! చీము పట్టకముందే తీసెయ్యాలని డాక్టరు మొత్తుకుంటున్నాడు. తాళంకప్పకీ నీ కడుపుకీ ఏమిటి సంబంధం?"

"చెప్పినా మీకు అర్థం కాదు లెండి."

మాష్టారు భౌతికశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. దేవుళ్ళ సంగతి అలా ఉంచి, హెడ్మాస్టరు ముందూ మామగారి ముందూ కూడా తల వంచని చరిత్ర ఆయనది. ఇంట్లో జరిగిన ఏ వాదంలోనూ 'పొరపాటు నాదే' అన్న వాక్యం ఆయన నోట వెలువడిన దాఖలా లేదు.

ప్రతి గురువారం భార్య దర్గాలోకి వెళ్తే ఆయన గుమ్మం బయటే, భక్తుల చెప్పుల మధ్య, నిటారుగా నిలబడేవారు. దర్గా బాగోగులు చూసే ముజావరుకి ఆ దృశ్యం మహా ముచ్చట.

"మీరు నిలబడ్డ రోజున ఒక్క జోడూ పోదు మాష్టారూ. బాబా మీకూ ఓ ఉద్యోగం ఇచ్చాడు."

"తాళాలన్నీ వానాకాలం వెళ్ళాకే ఎందుకు ఊడతాయో మీ బాబాని అడిగావా? దాన్ని తుప్పు అంటారు."

"ఆ తుప్పు పట్టించేదెవరు?"

"ఆక్సిజన్!"

"ఆయనది ఏ దర్గా?" అన్నాడు ముజావరు వినయంగా.

భార్య తాళం వేసిన రోజున కూడా మాష్టారు ఆ చెప్పుల మధ్యనుంచే చూశారు. ఛాతీ ఎత్తున ఖాళీ ఊచలు ఎన్నో ఉన్నాయి. మోకాళ్ళ నొప్పితో మెట్లెక్కలేని మనిషి, ఆ ఊచలు వదిలేసి నేలమీద చతికిలబడి, అట్టడుగున తాళం వేసింది.

"పైన అంత చోటుండగా కింద కూలబడ్డావేం?"

"కిందైతేనే పనవుతుంది."

ఆయన నవ్వి ఊరుకున్నారు.

ఇప్పుడు నవ్వే పరిస్థితి లేదు. ఆ ఉదయం నొప్పికి ఆవిడ మెలికలు తిరిగిపోయింది. "ఇంకా ఆలస్యం చేస్తే నా చేతుల్లో ఉండదు," అని డాక్టరు ఫోనులోనే కేకలేశాడు. ఆవిడ మాత్రం తాళం మాటే జపించింది.

ఏం చెయ్యాలో తోచక మాష్టారు పేపరు చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు కోసం పెట్టె తెరిచారు. అద్దాలు తుడిచే గుడ్డ కింద చిన్న తాళంచెవి ఉంది.

ఆయన కాసేపు దానికేసి చూసి, పెద్దగా నవ్వారు. కొత్త తాళంకప్పతో రెండు చెవులు వస్తాయి. బావిలో పడేది ఒకటే. ఇన్ని వేలమంది భక్తుల్లో ఆ రెండో చెవి ఊసు ఎత్తినవాడు లేడు! మహిమలన్నిటికీ ఇలాంటి రెండో చెవి ఒకటి ఎక్కడో ఉంటుందని ఆయన అప్పటికప్పుడు సిద్ధాంతీకరించారు.

మిట్టమధ్యాహ్నం ముజావరు కునుకు తీస్తున్న వేళ మాష్టారు చెప్పులు విడిచి, జీవితంలో మొదటిసారి ఆ గడప దాటారు. మోకాళ్ళ మీద కూర్చుంటే తాళం అందలేదు. ఇంకా వంగారు. నుదురు ఠంగుమని ఊచకి తగిలింది. అలాగే ఆనించి చెవి తిప్పితే, తాళం టక్కున తెరుచుకుంది.

బయటికొచ్చి చూస్తే ఆయన చెప్పులు లేవు.

సాయంత్రం ముజావరు తెరుచుకున్న తాళాన్ని ఆకుపచ్చ గుడ్డలో చుట్టి, ఇంటికి తెచ్చాడు. "అమ్మా, బాబా దయ చూపాడు!" ఆవిడ దాన్ని కళ్ళకద్దుకుని, "పదండి ఆస్పత్రికి," అంది.

ఆపరేషన్ సజావుగా జరిగింది. ఆవిడ లేచి కూర్చుని గంజి తాగేదాకా మాష్టారు ఓపిక పట్టారు. ఆ పైన సత్యం ఆయన కడుపులో ఆగలేదు.

"పిచ్చిదానా, ఆ తాళం తెరిచింది నీ బాబా కాదు. నేను!"

"మీరా? చెవేదీ?"

"నా కళ్ళజోడు పెట్టెలోనే దొరికింది. నీ మతిమరుపే నిన్ను పట్టించింది."

"అవును, మతిమరుపే," అంది ఆవిడ. "మరి అంత కిందున్న తాళం మీకెలా అందింది?"

"ఎలా అందుతుంది? మోకాళ్ళ మీద కూర్చుని, వంగి..."

"బాగా వంగారా?"

"వంగక చస్తానా? ఇదిగో, నుదుటిమీద బొప్పి!"

ఆవిడ ఆ బొప్పిని వేలితో మెల్లిగా తడిమి చూసింది. ముఖం విప్పారింది.

"ఏమిటా నవ్వు? మొక్కు అబద్ధమని రుజువైంది. నీ రాళ్ళు తీసింది డాక్టరు."

"రాళ్ళు తియ్యడానికి డాక్టరుండగా బాబాకెందుకండీ శ్రమ?"

మాష్టారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"మరి దేనికి మొక్కావు?"

"మీ తల ఒక్కసారైనా వంగాలని."