తోరణం దగ్గర

కోట ముందు కారు ఆగింది. భవాని దిగింది. ఆమె తల్లి యమున మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. భవాని ఇటు తిరిగి వచ్చి తలుపు తీశాకే దిగింది.

పొద్దున హైదరాబాద్‌లో బయల్దేరిన దగ్గర్నుంచి ఇదే వరస. దారిలో టిఫిన్‌కు ఆగితే, తల ఎత్తకుండా నాలుగు ఇడ్లీలూ తినేసి, ప్లేటు పట్టుకుని కడగడానికి లేచింది యమున. హోటలతను నవ్వి ప్లేటు అందుకున్నాడు. భవాని నవ్వలేదు.

భవానికి డోర్నకల్ స్టేషన్‌లో టికెట్ల కౌంటర్లో ఉద్యోగం. ఈ రోజు కోసం సెలవు పెట్టి, స్నేహితురాలి కారు అడిగి తెచ్చుకుంది. ఇంటికి పోయే దారిలో వరంగల్ కోట చూద్దామన్నదీ తనే. యమున సరేనంది. ఏమడిగినా సరేనంటోంది.

లోపలికి వెళ్లగానే మెల్లగా, "బాత్రూంకు పోయిరానా?" అంది.

"నన్నడుగుతానవేందమ్మా. పో."

ఎండ చురుక్కుమంటోంది. పచ్చిక నిండా విరిగిన స్తంభాలు, తలల్లేని బొమ్మలు. వాటి మధ్య ఎత్తుగా రాతి తోరణం. జనం దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. యమునకు బాగుందనీ అనిపించలేదు, బాగాలేదనీ అనిపించలేదు.

"నేను మూడో తరగతిల ఉన్నప్పుడు, ఆదివారం ఈ కోటకు తోల్కపోతనన్నవ్. యాదున్నదా?" అంది భవాని.

"యాదున్నది."

కూతురి పచ్చ గౌను ఉతికి తీగ మీద ఆరేసింది కూడా. ఆ ఆదివారం రానేలేదు. ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని యమున కాసేపు చూసింది. రాలేదు.

భవాని తోరణం దాటి అవతలికి వెళ్లి, ఫోన్ ఎత్తి, రమ్మని చెయ్యి ఊపింది. యమున తోరణం దాకా వచ్చి ఆగిపోయింది. వెనక ఎవరో జరగమన్నారు. ఆమె ఓ పక్కకు ఒదిగి, తల వంచుకుని నిలబడింది.

భవాని ఫోన్ దించింది. దగ్గరికి వచ్చింది గానీ తల్లి చెయ్యి పట్టుకోలేదు. అవతలి వైపే నిలబడి, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"తలుపు లేదమ్మా. నువ్వే రావాలె."

యమున పైకి చూసింది. ఇటూ అటూ చూసింది. ఒక అడుగు వేసింది. కాసేపటికి ఇంకొకటి.

పద్నాలుగేళ్లపాటు, ఆ పొద్దున జైలు నుంచి బయటికి వచ్చేదాకా, ఆమె దాటిన ప్రతి గుమ్మానికీ ముందు వార్డరు వచ్చి తాళం తీసేది.