వెనక వరుస చప్పట్లు

“నా పేరు పిలవగానే చప్పట్లు కొట్టాలమ్మా. మర్చిపోకూడదు.”

పొద్దున్నుంచీ కూతురిది ఇదే పాట.

“కొడతాలేవే. చేతులు అరిగిపోయేలా కొడతా, సరేనా?” అంది తల్లి. ఆవిడ టైలరు. కూతురు వేసుకున్న తెల్ల చొక్కా ఆవిడ కుట్టిందే.

“నీకు నవ్వులాటగానే ఉంటుంది. హైస్కూల్లో నాకు బహుమతిచ్చిన రోజు ఒక్కరూ కొట్టలేదు. నువ్వేమో షాపులో ఉండిపోయావు.”

ఆ మాట తల్లికి సూదిలా దిగింది.

యూనివర్సిటీలో ఆ రోజు కొత్త విద్యార్థులకు స్వాగత సభ. రిజిస్ట్రారు మేడం ఒక్కో పేరూ చదువుతుంటే, పిల్లలు వేదికెక్కి బ్యాడ్జీ పెట్టించుకుని దిగుతున్నారు. ఎవరి పిల్లలకు వాళ్ళే చప్పట్లు కొట్టుకుంటున్నారు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా.

తల్లి పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన మాత్రం ప్రతి పేరుకీ కొడుతున్నాడు. అదీ పిడుగులు పడ్డట్టు.

ఆవిడ కాసేపు ఓర్చుకుంది.

“వీళ్ళంతా మీ పిల్లలేనా అండీ?” అంది చివరికి.

“ఒక్కళ్ళూ కాదమ్మా” అన్నాడాయన, నవ్వుతూ, కొడుతూనే.

“మరి మీకెందుకండీ ఈ గోల? చెవులు చిల్లులు పడుతున్నాయి. మా అమ్మాయి పేరు నాకు వినబడొద్దూ?”

ఆయన చేతులు ఆగిపోయాయి. “తప్పయిందమ్మా” అని లేచి వెనక వరుసకి వెళ్ళిపోయాడు.

“ఊళ్ళో పెళ్ళికి కుక్కల హడావుడని...” గొణిగింది ఆవిడ, ఆయనకి వినబడేలాగే.

కూతురి పేరు రానే వచ్చింది.

పిల్ల మెట్లెక్కుతుంటే తల్లి ఫోనెత్తి వీడియో మొదలుపెట్టింది. కళ్ళనిండా నీళ్ళు. ఫోను కదలకూడదని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

హాల్లో చడీచప్పుడూ లేదు. వేదిక మీద పిల్ల జనంలోకి చూసింది. మొహం చిన్నబోయింది.

అప్పుడు వెనకనుంచి చప్పట్లు మోగాయి. ఒక్క మనిషివే.

పిల్ల మొహం విచ్చుకుంది.

సభ ముగియగానే పరుగున వచ్చి తల్లి మెడకు చుట్టుకుంది.

“నీ చప్పట్లొక్కటే వినబడ్డాయమ్మా! ఎంత భయపడ్డానో తెలుసా!”

తల్లి తన చేతులకేసి చూసుకుంది. ఫోను ఇంకా రెండు చేతుల్లోనే ఉంది.

“అవి నావి కావే” అంది ఎలాగో. “నేను తరిమేసిన మనిషివి. పద, ఆయన్ని కలిసి క్షమించమని అడగాలి.”

గేటు దగ్గర పెద్దాయన కారు వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. పక్కన, వేదిక మీద పేర్లు చదివిన మేడం. ఎర్రగా కందిపోయిన ఆయన అరచేతుల్ని ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది.

తల్లి గబగబా అడుగులేసింది. ఆవిడ చేరేలోగానే కారు కదిలింది. తెరిచిన కిటికీలోంచి మేడం గొంతు మాత్రం వినబడింది.

“చాల్లే నాన్నా, నా పేరు పిలిచిన రోజు డ్యూటీ వదిలి రాలేకపోయావని ఇంకా ఎన్నేళ్ళు కొడతావు?”