గిలేన్ చెయ్యి

ఓక్ చెట్ల చాటున నిలబడి చూశాను. చెరువు గట్టు మీద నా భర్త ఆన్సెల్మ్, మొగుడు పోయిన పక్కింటి గిలేన్ చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు.

మోకాళ్ల నొప్పులంటూ నాతో రొట్టెల కొట్టుదాకా కూడా రాని మనిషి, ఆమెతో మాత్రం బ్రెన్ అడవి బాటలన్నీ తిరుగుతున్నాడు.

పరుగున వెళ్లి ఆ చేతులు విడదీశాను. "ఊళ్లో ఇంకెవడూ దొరకలేదుటే నీకు?" అని గిలేన్ మీద విరుచుకుపడ్డాను.

నా గొంతు విని ఆన్సెల్మ్ ఉలిక్కిపడ్డాడు. నావైపు తిరిగాడు గానీ, అతని చూపు నా భుజం దాటి ఎక్కడో నీళ్ల మీద ఆగింది.

"ఆయనకి చూపు పోతోంది," అంది గిలేన్. "నీతో వస్తే తడబడడం కనిపెట్టేస్తావని భయం. మొన్నామధ్య ఈ గట్టు మీంచి జారిపడితే నేనే లేపాను."

"అయితే మాత్రం? నాకంటే ముందు నీకు తెలియడమేంటి?"

"నేనూ అదే అన్నాను తల్లీ. వింటేగా! దారి పొడుగునా నన్నడిగేది ఒకటే. ఇవాళ మా ఆవిడ ఏ గౌను వేసుకుంది, మొహం ఎలా ఉంది, నవ్వుతోందా అని."

ఆన్సెల్మ్ అరచేతిని తీసుకుని నా చెంపకు ఆనించుకున్నాను.

"నీలం గౌను," అన్నాను. "రేపట్నుంచి నన్నే అడుగు."