దుప్పటికి అవతలి కొస

"గట్టిగా పట్టుకోవే. నీళ్లన్నీ దుప్పట్లోనే ఉండిపోతున్నాయి."

లాండ్రీ వెనక మొగుడూ పెళ్లాం తడి దుప్పటికి చెరో కొసా పట్టుకుని మెలిపెడుతున్నారు. లాడ్జీవాళ్ల మందపాటి దుప్పట్లు. ఇదివరకు నాలుగు మెలికలు పడితే చుక్క నీరు మిగిలేది కాదు. వారం రోజులుగా తీగ మీద వేసిన ప్రతిదీ బొటబొటా కారుతోంది.

"పట్టుకునే ఉన్నానండీ," అంది భార్య.

"మరి నేను వదిలేశానా? వీధంతా నన్ను ఉక్కుపిడి అని ఊరికే పిలుస్తోందా?"

మామూలుగా అయితే ఆవిడ ఒకటికి నాలుగు అప్పజెప్పేది. ఇవాళ మాత్రం తల దించుకుంది.

"నా చేతిలోనే పట్టు తగ్గినట్టుందండీ. పిడికిలి పట్టు సడలినవాళ్లకి పక్షవాతం ముప్పు ఎక్కువని మొన్న రేడియోలో డాక్టరు చెప్పాడు."

ఆయన దుప్పటి బకెట్లోకి విసిరేసి షట్టరు దించాడు. తాళంచెవి రెండుసార్లు చేతిలోంచి జారింది. కంగారు మరి! రెండు వీధుల అవతలున్న క్లినిక్కుకి ఆవిడ రెక్క పట్టుకుని పరుగు. ఆయన కాలికి ఒకటే చెప్పుంది. దారంతా "నీకేం కాదు, నేనున్నాగా" అంటూనే ఉన్నాడు.

"ముందు మా ఆవిణ్ణి చూడండమ్మా," అన్నాడు రొప్పుతూ.

డాక్టరమ్మ పిడికిలి బలం కొలిచే పరికరం ఆవిడ చేతికిచ్చింది. నొక్కగానే ముల్లు రివ్వున ముప్పై దాటింది.

"భేషుగ్గా ఉంది," అంది డాక్టరమ్మ.

ఆయనకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇక మీరు నొక్కండి."

"నాకెందుకండీ?" అంటూనే నవ్వుతూ అందుకున్నాడు. పళ్లు బిగించి నొక్కాడు. ముల్లు పదహారు దగ్గరే ఆగిపోయింది.

"మిషను చెడిపోయినట్టుంది."

డాక్టరమ్మ ఆయన చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట తొంభై.

"పట్టు తగ్గడం ఒక హెచ్చరిక అంతే. ఈ బీపీ మాత్రం ఇలాగే వదిలేస్తే పక్షవాతం తప్పకపోవచ్చు. ఇవాళే మందులు మొదలుపెడదాం," అని ఆయన భార్య వైపు తిరిగింది. "మంచి టైముకి తీసుకొచ్చావమ్మా."

"తీసుకొచ్చింది నేనండీ," అన్నాడాయన, బిక్కమొహంతో.

"అలాగే అనుకోండి. నిన్న తనొక్కతే వచ్చి చెప్పింది. 'ఆయనకి బాగాలేదంటే గడప దాటరు డాక్టరమ్మా, అదే నాకు బాగాలేదంటే పరిగెత్తుకొస్తారు' అని."